పదమూడో వారం

ఎదుటివాళ్ల చేతిలో పుస్తకం కనపడితే చాలు, అదేమిటో తెలిసేదాకా నాకు కాలూ చెయ్యీ ఆడదు. బస్సులో గానీ రైల్లో గానీ, ఆస్పత్రి వరండాలో గానీ, ఆఖరికి పెళ్లి పందిట్లో గానీ... మెడ ఓ పక్కకి వంచి, కళ్లజోడు కాస్త పైకెత్తి, అట్ట మీద పేరు చదివేస్తే తప్ప ప్రాణం కుదుటపడదు. అది మర్యాద కాదని నాకూ తెలుసు. మా అమ్మాయి చిన్నప్పుడే 'నాన్నా, అలా చూడకు, వాళ్లేమనుకుంటారు' అని చొక్కా పట్టుకుని లాగేది. అలవాటు మాత్రం పోలేదు.

ఆ అలవాటు నాకు రైల్లో అంటుకుంది. 1979 నుంచి 1996 దాకా పదిహేడేళ్లు తెనాలి నుంచి బెజవాడకి రోజూ పాసింజరు బండిలో ఉద్యోగానికి వెళ్లొచ్చాను. మొత్తం కలిపి 30 కిలోమీటర్ల పైచిలుకు. రోజూ అదే పెట్టె, అవే మొహాలు. సీజన్ టికెట్ల వాళ్లందరికీ ఎవరి సీటు వాళ్లకుండేది. ఒకరు కొన్న దినపత్రిక దుగ్గిరాల వచ్చేసరికి నాలుగు ముక్కలయ్యేది. సినిమా పేజీ ఒకరికి, ఆటల పేజీ ఒకరికి, సంపాదకీయం నాకు. కృష్ణా కెనాల్ దగ్గర సిగ్నల్ కోసం బండి ఆగితే, ఆ ముక్కలన్నీ మళ్లీ ఒక్కచోట చేరి, మడతలు సరిచేసుకుని, కొన్నాయన చంకలోకి వెళ్లిపోయేవి.

పేపరు అయిపోయాక ఎవరి సంచిలోంచి వాళ్ల పుస్తకం బయటికొచ్చేది. మధుబాబు షాడో నవలతో ఒక కుర్రాడు. అద్దె పుస్తకాల షాపు ముద్ర ఉన్న నవలతో ఒక గుమాస్తా. ఆస్పత్రిలో నర్సుగా చేసే ఒకావిడ ప్రతినెలా 'చతుర' తెచ్చుకునేది. నెలకో నవల మొత్తం ఒకే సంచికలో ఇచ్చే పత్రిక అది. 1978లో మొదలై 2021 దాకా వచ్చింది. ఆవిడ దాన్ని సరిగ్గా నాలుగు రోజుల్లో పూర్తిచేసి, ఐదో రోజు ఎదురు సీట్లో ఆవిడకి ఇచ్చేది.

ఇక రిటైరుకు దగ్గరపడిన ఒక హెడ్మాస్టరు గారు ఉండేవారు. ఆయన పుస్తకానికి ఎప్పుడూ పేపరు అట్ట వేసి ఉండేది. పేరు కనపడదు. లోపల పేజీ చూద్దామంటే గుండెలకి ఆనించుకుని చదివేవారు. పది రోజులు నా మెడ నొప్పెట్టడమే మిగిలింది. పదకొండో రోజు కృష్ణ వంతెన మీద బండి ఒక్క కుదుపు కుదిపితే పుస్తకం కిందపడి తెరుచుకుంది. చందమామల బైండు! ఆయన గబుక్కున తీసుకుని, 'మా మనవడిది' అన్నారు. వాళ్లబ్బాయిలకి ఇంకా పెళ్లిళ్లే కాలేదని మా పెట్టెలో అందరికీ తెలుసు.

చూసి ఊరుకుంటే బాగుండేది. నేను మార్కులు కూడా వేసేవాణ్ని. గోపీచంద్ చదివేవాడికి ఇన్ని, డిటెక్టివ్ నవల చదివేవాడికి ఇన్ని. వారపత్రికల్లో సీరియళ్లు చదివేవాళ్లకి నా దగ్గర పాసు మార్కులు కూడా ఉండేవి కావు. 'ఇవాళ హీరోయిన్ కారు దిగిందా, వచ్చేవారం మెట్లెక్కుతుంది' అని నవ్వేవాణ్ని. నాతోపాటు నలుగురు నవ్వేవాళ్లు. అదో గొప్ప.

1981లో నా పెళ్లిచూపులు. అందరూ అడిగే ప్రశ్నలు నేనడగకూడదనుకుని, 'పుస్తకాలు చదువుతారా?' అన్నాను. అమ్మాయి తలెత్తకుండా, 'ఆ, చదువుతానండీ. వారపత్రికలు, నవలలు' అంది. వారపత్రికలు అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. నవలలు అన్నది వినిపించుకోలేదు. పెళ్లికి ఒప్పుకున్నాను గానీ, 'పర్లేదు, మనమే దారిలో పెట్టుకోవచ్చు' అనుకున్నాను.

దారిలో పెట్టడం పెళ్లయిన రెండో నెల్లోనే మొదలుపెట్టాను. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' తెచ్చి చేతికిచ్చి, 'ఇది చదువు, సాహిత్యం అంటే ఏమిటో తెలుస్తుంది' అన్నాను. పది రోజుల తర్వాత పుస్తకం నా బల్ల మీద ఉంది. 'చదివావా?' 'ఆ.' 'ఎలా ఉంది?' 'బాగుంది.' ఆ ఒక్క మాటతో నాకు తృప్తి కలగలేదు. 'అయితే చెప్పు, అమృతం ఎవరు? కోమలి ఎవరు? దయానిధి ఎందుకలా ఉంటాడు?' అని అడిగాను. తను కూర తరుగుతోంది. ఒక్క క్షణం నా వంక చూసి, 'నాకేం గుర్తుంటాయండీ' అని కత్తిపీట తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. చదవలేదని నేను తేల్చేశాను. ఆ తర్వాత తను నన్ను పుస్తకం అడగలేదు. నేనూ ఇవ్వలేదు.

తన చదువు తనకుంది. మా వీధిలో నాలుగిళ్ల వాళ్లు తలో వారపత్రికా తెప్పించుకునేవాళ్లు. ఒక ఇంట్లో చదవడం అయ్యాక రెండో ఇంటికి, అక్కణ్నుంచి మూడో ఇంటికి. ఎవరి తర్వాత ఎవరు అన్నదానికి రేషను షాపు క్యూ కంటే గట్టి వరస ఉండేది. మా ఆవిడ మధ్యాహ్నం పిల్ల నిద్రపోయాక ఓ గంట, పొయ్యి మీద పప్పు ఉడికేలోపు పది నిమిషాలు, నీళ్ల కోసం పంపు దగ్గర బిందె పెట్టి మరో పది నిమిషాలు చదివేది. నేను ఇంట్లో ఉన్నంతసేపూ తన చేతిలో పుస్తకం చూసినట్టు నాకు గుర్తులేదు. ఉండేది కాదు కాబట్టి. నేను వచ్చే వేళకి అది బియ్యం డబ్బా మీదికి చేరేది.

మా ఇంటికొచ్చే పత్రికలో సీరియల్ పేజీలు మాత్రం జాగ్రత్తగా విప్పి, తేదీల వరసన ట్రంకు పెట్టెలో పెట్టేది. సీరియల్ అయిపోయాక సూదీ దారంతో కుట్టి, మైదాపిండి జిగురుతో పాత క్యాలెండరు అట్ట అతికేది. మరీ ఇష్టమైనవైతే బజార్లో బైండింగు షాపుకి పంపించి కాలికో గుడ్డ వేయించేది. మన ఇళ్లల్లో అప్పట్లో ఇది కొత్తేమీ కాదు. ఈ కథనం చదివే వాళ్లల్లో సగం మంది ఇళ్లల్లో అటకల మీద అలాంటి బైండ్లు ఉండే ఉంటాయి, లేదా ఒకప్పుడు ఉండి ఉంటాయి.

1984లో ఒక రాత్రి నాకింకా గుర్తుంది. కరెంటు పోయింది. ఉక్కపోతకి మెలకువ వస్తే, మా ఆవిడ కిరసనాయిలు దీపం ముందు కూర్చుని, ఒక కాలితో ఉయ్యాల ఊపుతూ ఏదో రాస్తోంది. నేను ఆఫీసు నుంచి తెచ్చిన పుల్‌స్కేప్ కాగితాలవి. 'ఏంటి ఈ వేళప్పుడు?' అన్నాను. 'మా అమ్మకి ఉత్తరం' అంది. అంత పొడుగు ఉత్తరంలో నా మీద ఏం చాడీలు రాస్తోందో అనుకుని అటు తిరిగి పడుకున్నాను.

1996లో మకాం బెజవాడకి మార్చాం. తెనాలిలో పెంకుటిల్లు, అటకలు, వసారా. బెజవాడలో మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు. సామాను సగానికి సగం తగ్గించాలి. మా ఆవిడ పుట్టింట్లో ఏదో శుభకార్యమని నాలుగు రోజులు వెళ్లింది. తను వచ్చేలోగా కొంత పని తేలిక చేద్దామని పాత పేపర్ల అబ్బాయిని పిలిచాను. పేపర్లు, పిల్లల పాత నోట్సులు, డబ్బాలు అయ్యాయి. ట్రంకు పెట్టె తెరిస్తే ఈ బైండ్లు.

'ఇవి కూడానా బాబాయ్?' అన్నాడు.

'ఇవి కూడానే' అన్నాను.

తక్కెట్లో పెడుతుంటే ఒక బైండు తెరుచుకుంది. మధ్యలో చేత్తో రాసిన పుల్‌స్కేప్ కాగితాలు కనపడ్డాయి. పిల్లల నోట్సేదో కలిసిపోయిందనుకున్నాను. మొత్తం పదకొండు కిలోలు తూగాయి. కిలో 4 రూపాయల చొప్పున 44 రూపాయలు. నా పుస్తకాలు మాత్రం ఒక్కటి కూడా తియ్యలేదు. ఏడు అట్టపెట్టెలు. అందులో పేజీ కూడా కొయ్యనివి చాలా ఉన్నాయి.

రెండు రోజుల తర్వాత తను వచ్చి, ట్రంకు పెట్టె మూత తీసి, 'ఇందులో బైండ్లు ఉండాలి' అంది. 'అవా! పాత పేపర్లతో పాటు ఇచ్చేశాను. పదకొండు కిలోలు తూగాయి తెలుసా' అన్నాను, ఘనకార్యం చేసినవాడిలా. 'ఓహో' అంది. కాసేపు అక్కడే నిలబడి, పెట్టె మూత వేసి, గాజు గ్లాసులకి కాగితాలు చుట్టడం మొదలుపెట్టింది. అంతే. గొడవ లేదు, ఏడుపు లేదు. గొడవ లేదు కాబట్టి ఏమీ జరగలేదనుకున్నాను.

ఆ 44 రూపాయలు పెట్టి ఆ వారమే లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపులో నేనో పుస్తకం కొనుక్కున్నాను. ఆ పుస్తకం ఇప్పటికీ చదవలేదు.

బెజవాడ వచ్చాక మా ఇంటికి వారపత్రిక రావడం ఆగిపోయింది. తనే వద్దంది. ఖర్చు తగ్గించడానికి అనుకున్నాను. పదిహేడేళ్లు రైల్లో ఎవరి చేతిలో ఏ పుస్తకం ఉందో చూసినవాణ్ని, మా ఇంట్లో మనిషి చేతిలో పుస్తకం లేదన్న సంగతి గమనించనేలేదు.

2018 మే నెలలో యద్దనపూడి సులోచనారాణి గారు అమెరికాలో కన్నుమూశారని పేపర్లో వచ్చింది. పొద్దున్న కాఫీ తాగుతూ నేనే చదివి చెప్పాను. మా ఆవిడ గ్లాసు కింద పెట్టి, పేపరు తీసుకుని, ఫోటో వంక చాలాసేపు చూసింది. 'ఆవిడది మా వైపేనండీ. కాజ. మా పుట్టింటికి దగ్గరే' అంది. తర్వాత, ఎవరితోనో కాకుండా ఎటో చూస్తూ, 'ఆవిడ నవలలు మూడు నా దగ్గర బైండ్లుండేవి' అంది.

ఇరవై రెండేళ్ల తర్వాత ఆ మాట వచ్చింది. నేను ఏదో అనబోయి ఊరుకున్నాను. తనే చెప్పుకొచ్చింది. అందులో ఒక నవల పదమూడో వారం సంచిక పక్కింటి వాళ్ల అబ్బాయి చేతిలో నీళ్లలో పడిపోయిందట. వెనక వీధిలో ఒకావిడ దగ్గర ఆ సంచిక ఉందని తెలిసి వెళ్లి అడిగితే, 'పొద్దున్నే ఇచ్చెయ్యాలి' అని ఇచ్చిందట. ఆ రాత్రి కూర్చుని ఆ వారం మొత్తం చేత్తో రాసుకుందట. బొమ్మ కూడా పెన్సిలుతో వేసిందట. 'చీర మడతలు సరిగా రాలేదు గానీ, మొహం బాగానే వచ్చింది' అంది.

పుల్‌స్కేప్ కాగితాలు. తక్కెట్లో తెరుచుకున్న బైండు. నాకు నోట మాట రాలేదు.

'మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?' అన్నాను చివరికి.

'చెప్తే ఏమంటారు? సీరియలే కదా అంటారు' అంది. కోపంగా కూడా అనలేదు. వాన పడితే గొడుగు కావాలన్నంత మామూలుగా అంది. నేను కచ్చితంగా ఆ మాటే అనేవాణ్ని.

ఆ రోజే ఇంకో సంగతి కూడా బయటపడింది. 'చివరకు మిగిలేది' తను అప్పట్లోనే మొత్తం చదివింది. రెండుసార్లు చదివింది. 'మరి అడిగితే గుర్తులేదన్నావే?' అన్నాను. 'పుస్తకం ఇచ్చి పరీక్ష పెడతారా ఎవరైనా? స్కూల్లో పరీక్షలు అయిపోయాయనే కదా పెళ్లి చేసుకున్నాను' అంది. ఆ తర్వాత నా బీరువాలో పుస్తకాలు కూడా చాలానే చదివిందట, నేను ఆఫీసులో ఉన్నప్పుడు. తీసిన చోటే మళ్లీ పెట్టేసేదట. పేజీ కొయ్యని పుస్తకాల జోలికి మాత్రం వెళ్లేది కాదట. కోస్తే నాకు తెలిసిపోతుందని.

నేను సీరియళ్లని చిన్నచూపు చూసినందుకు నాకింకో శాస్తి కూడా జరిగింది. రిటైరయ్యాక తీరిగ్గా సాహిత్య చరిత్రలు చదువుతుంటే ఒక్కోటీ తెలిసొచ్చింది. కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' 1878లో ఆయన పత్రిక 'వివేకవర్ధని'లో విడతలుగా మొదలైంది. పుస్తకంగా వచ్చింది 1880లో. అంటే తెలుగు నవల నడక నేర్చుకున్నదే సీరియల్‌గా. 'సాహిత్యం అంటే ఇదీ' అని నేను మా ఆవిడ చేతిలో పెట్టిన బుచ్చిబాబు నవల కూడా పుస్తకం కాకముందు పత్రికలో ధారావాహికగా వచ్చిందే. ఈ సంగతి చెబితే మా ఆవిడ పెద్దగా నవ్వింది. 'అయితే అదీ వచ్చేవారం కోసం ఎదురుచూస్తూ చదివినవాళ్లున్నారన్నమాట. వాళ్లకెన్ని మార్కులు వేస్తారు?' అంది.

పోయినదాన్ని వెతికి తెద్దామని బయల్దేరాను. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపులన్నీ తిరిగాను. 'సీరియల్ బైండ్లు ఉన్నాయా?' అంటే ఒకతను, 'ఒకప్పుడు బస్తాలకి బస్తాలు వచ్చేవి మాస్టారూ. ఇప్పుడు రావట్లేదు. ఉన్నవాళ్లు ఇవ్వరు, ఇచ్చేవాళ్లు ఎప్పుడో కాటాకి ఇచ్చేశారు' అన్నాడు. నా సంగతి తెలిసే అన్నాడా అనిపించింది. ఆ నవల కొత్త ముద్రణ మాత్రం ఏలూరు రోడ్డులో దొరికింది. తెల్లటి కాగితం, రంగుల అట్ట. తెచ్చి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, 'బాగుందండీ. బొమ్మలు లేవు' అంది.

'వేటపాలెం వెళ్దామా? సారస్వత నికేతనం ఉంది. 1918 నాటి లైబ్రరీ. పాత పత్రికలు దాచిపెట్టడంలో పేరున్నది. ఆ పదమూడో వారం ఉందేమో చూద్దాం' అన్నాను.

'ఆ వారం దొరుకుతుందేమో గానీ, నా రాత దొరకదు కదండీ' అంది. తర్వాత నా మొహం చూసి జాలిపడిందేమో, 'ఇప్పుడెందుకవన్నీ. మీరు ఈ పుస్తకం చదవండి. నేను తర్వాత చదువుతా' అని నా చేతిలోనే పెట్టింది.

అరవై దాటిన వయసులో జీవితంలో మొదటిసారి యద్దనపూడి నవల చదివాను. ఉన్నమాట చెప్పాలి. ఒక్కసారిగా నా అభిప్రాయాలన్నీ తారుమారైపోలేదు. కారు ఉంది, మేడ ఉంది, మెట్లూ ఉన్నాయి. కానీ పదమూడో వారం ఎక్కడొస్తుందో అని లెక్కలు వేసుకుంటూ చదివాను. ఒక ఆడపిల్ల తన మాట చెల్లే వరకూ తలొంచని చోటొకటి వచ్చింది. ఇరవై ఏళ్లు దాటిన చిన్న పిల్ల, ఒక కాలితో ఉయ్యాల ఊపుతూ, పక్క మంచం మీద మొగుడు గురకపెడుతుంటే, ఆ మాటలు ఒక్కోటీ చేత్తో ఎందుకు రాసుకుందో కొంచెం అర్థమైంది. పుస్తకం తిరిగిచ్చాను. 'ఎలా ఉంది?' అంది. 'బాగుంది' అన్నాను. ఇంకేమీ అడగలేదు. నేనైతే అడిగేవాణ్ని.

అప్పట్నుంచీ మా ఇంట్లో ఒక పద్ధతి మొదలైంది. ఒకే పుస్తకం, రెండు గుర్తులు. నాది పాత సీజన్ టికెట్టు, తనది సత్యనారాయణస్వామి వ్రతం శుభలేఖ ముక్క. పొద్దున్న పేపరయ్యాక నాది, మధ్యాహ్నం భోజనాలయ్యాక తనది. ఎవరు ముందుంటే వాళ్లు రెండోవాళ్లకి కథ చెప్పకూడదు. ఈ షరతు ఎక్కువసార్లు తప్పింది నేనే.

2019 జనవరిలో పుస్తక మహోత్సవానికి ఇద్దరం వెళ్లాం. బెజవాడలో 1989 నుంచీ ఏటా కొత్త సంవత్సరం మొదటి రోజుల్లో జరిగే పండగ. అప్పట్లో స్వరాజ్య మైదానంలో ఉండేది. అంతకుముందు కూడా ఏటా వెళ్లేవాణ్ని, ఒక్కణ్నే. ఈసారి తెచ్చిన డబ్బు చెరిసగం పంచుకుని, 'నీకు కావల్సినవి నువ్వు కొనుక్కో, నేను చూడను' అన్నాను. మెడ ఎంత లాగినా చూడలేదు. గేటు దగ్గర కలుసుకుని సంచులు తెరిస్తే ఇద్దరి సంచుల్లోనూ ఉప్పల లక్ష్మణరావు గారి 'అతడు - ఆమె' ఉంది. నేను కొన్నది, ఆయన మాస్కోలో ఉండి రష్యన్ పుస్తకాలు తెలుగు చేసిన మనిషని. తను ఎందుకు కొందంటే, పేరు చూసి.

ఒక కాపీ తిరిగిచ్చేసి, రెండో దాంట్లో రెండు గుర్తులు పెట్టుకున్నాం. ఆ నవల భర్త శాస్త్రి, భార్య శాంతం రాసుకున్న డైరీల రూపంలో ఉంటుంది. ఒకే సంసారం, రెండు వైపుల నుంచి. సగమైందో లేదో మా ఇంట్లో వాదనలు. 'శాస్త్రి అంత చెడ్డవాడేం కాదు' అని నేను. 'చెడ్డవాడని ఎవరన్నారు? తను చూసిందే లోకం అనుకుంటాడంతే' అని తను. ఒకరోజు నా సీజన్ టికెట్టు ఎక్కడుందో చూసి, 'శాస్త్రి డైరీ రెండు రోజులు చదివారు. శాంతం డైరీ ఒక్క పూటలో అయిపోయిందేం?' అంది. వెనక్కి తిప్పి మళ్లీ చదివాను. నిజమే, చాలా వదిలేశాను.

2022లో తనకి కంటిశుక్లాల ఆపరేషను జరిగింది. ముందు ఒక కన్ను, కొన్ని వారాల తర్వాత రెండోది. కొన్నాళ్లు కళ్లకి శ్రమ వద్దన్నారు. 'నేను చదివి వినిపిస్తాలే' అన్నాను. గట్టిగా చదవడం అంత కష్టమైన పనని నాకు తెలీదు. గడగడా చదువుకుపోతుంటే, 'ఆగండి, రైలుకేమైనా టైమైందా?' అనేది. ఒకచోట మొగుడితో భార్య అనే మాట గట్టిగా, రుసరుసలాడుతూ చదివాను. 'అలా కాదండీ. అది కోపం కాదు. విసుగొచ్చి, ఇంక చెప్పినా లాభం లేదని అనే మాట. మెల్లగా చదవండి' అంది. మెల్లగా చదివాను. చదువుతుంటే ట్రంకు పెట్టె దగ్గర తను అన్న 'ఓహో' వినపడింది. పుస్తకం కాసేపు మూసి, మంచినీళ్లు తాగి వచ్చాను. తను ఏమీ అనలేదు. 'ఊఁ, తర్వాత?' అంది.

హైదరాబాద్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడల్లా మెట్రో ఎక్కుతుంటాం. 2017లో మెట్రో మొదలైన కొత్తలో నాకు పెద్ద దిగులు పట్టుకుంది. పెట్టె నిండా మనుషులు, అందరూ ఏదో చదువుతూనే ఉన్నారు. కానీ ఫోన్లలో. అట్ట లేదు, పేరు లేదు. అందరూ పేపరు అట్టలు వేసుకున్న హెడ్మాస్టర్లే. ఎంత మెడ వంచినా ఏమీ తెలీదు. కిందటి నెల అలాగే ఒకమ్మాయి ఫోను చూసుకుంటూ తనలో తనే నవ్వుకుంటోంది. మధ్యలో కళ్లు తుడుచుకుంటోంది. నాకు ప్రాణం పోతోంది.

'అలా తొంగి చూడకపోతే అడగచ్చు కదా' అని, మా ఆవిడ ముందుకి వంగి, 'ఏం చదువుతున్నావమ్మా?' అంది.

ఆ పిల్ల ఏమీ అనుకోలేదు. ఫోను ఇటు తిప్పి చూపించింది. ఏదో యాప్‌లో తెలుగు సీరియలట. భాగాలు భాగాలుగా వస్తుందట. 'మంచి చోట ఆపేసింది ఆంటీ, తర్వాత భాగం ఎప్పుడొస్తుందో ఏమో' అంది. ఇక మా ఆవిడ నన్ను మర్చిపోయింది. అమీర్‌పేట వచ్చేదాకా ఇద్దరూ ఒకటే కబుర్లు. హీరోయిన్ ఇంట్లోంచి వెళ్లిపోవడం సబబేనా కాదా అని. దిగేటప్పుడు ఆ పిల్ల, 'మీరూ సీరియల్స్ చదివేవారా ఆంటీ?' అంది. 'చదవడమేంటి, ఒక వారం నేనే రాశాను' అంది మా ఆవిడ. ఆ పిల్లకి అర్థం కాలేదు. తలుపులు మూసుకున్నాయి.

అడిగితే చెబుతారన్నమాట! ఇన్నేళ్లూ నేను చూడటమే చేశాను. మెడలు వంచి, పేర్లు చదివి, మార్కులు వేశాను. ఏం చదువుతున్నావు, అందులో నీకేం నచ్చింది అని ఒక్కరినీ అడగలేదు. ఒక్కరినే అడిగాను, అదీ పరీక్ష పెట్టడానికి.

అందుకే ఇప్పుడు బుద్ధిగా ఉంటున్నాను. రెండు గుర్తుల పద్ధతి నడుస్తూనే ఉంది. అయితే వారం రోజులుగా మా ఆవిడ చేతిలో ఇంకో పుస్తకం కనపడుతోంది. మా అమ్మాయి పంపిందట. లావుపాటిది. దానికి చక్కగా పేపరు అట్ట వేసుకుంది. గుండెలకి ఆనించుకుని చదువుతోంది. మధ్యమధ్య నవ్వుకుంటోంది కూడా.

నిన్న మధ్యాహ్నం అది దిండు పక్కన పెట్టి నిద్రపోయింది. గదిలో ఎవరూ లేరు. అట్ట కొంచెం జరిపితే చాలు, పేరు తెలిసిపోతుంది. చెయ్యి దాకా వెళ్లింది కూడా. మళ్లీ వెనక్కి తీసుకున్నాను.

సాయంత్రం టీ ఇస్తూ అడిగాను, 'ఏం చదువుతున్నావు?' అని.

'అయ్యాక ఇస్తాలెండి' అంది.